కొత్త పంపు వేసినా ఆగిన కారు: నా అనుభవం

నాలుగు నెలలుగా వేధించిన మా పాత కారు రోగం నిన్న సాయంత్రం దొరికింది. చేతులకు అంటిన మసి ఇంకా పూర్తిగా వదల్లేదు. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

కారు నాన్న కొన్నది, ఇరవై ఏళ్లు దాటింది. పెట్రోలు బండి. ఫ్యూయల్ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. అరగంటో ముప్పావుగంటో హాయిగా నడిచేది. ఆ తరువాత ఏదైనా ఎత్తు ఎక్కుతుంటే రెండుసార్లు కుదుపు ఇచ్చి ఇంజను ఆగిపోయేది. సెల్ఫ్ బలంగానే తిరిగేది కానీ ఇంజను అందుకునేది కాదు. పావుగంట వదిలేస్తే మళ్లీ మామూలే.

తేలికగా తేలినవి ముందు చెప్పేస్తాను. ఫ్యూజు బాగుంది. ప్లగ్గుల దగ్గర స్పార్క్ వస్తోంది. సెల్ఫ్ కొడుతుంటే ఆర్‌పీఎం ముల్లు కదులుతోంది కాబట్టి, ఇంజను తిరుగుతున్న సంగతి కారు కంప్యూటరుకు చెప్పే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం తగ్గింది. రిలే అంటే చిన్న ఆజ్ఞతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు. హారన్ రిలే, పంపు రిలే ఒకే నంబరువి కావడంతో ఒకదాని చోట ఇంకొకటి పెట్టి చూశాను, ఫలితం లేదు. పెట్రోలు ఫిల్టరు కూడా కొత్తది వేయించాను.

మిగిలింది పంపు. తాళం తిప్పగానే వెనుక సీటు కింద నుంచి రెండు మూడు సెకన్లపాటు సన్నటి రొద వినిపించాలి. పంపు పైపులో ఒత్తిడి నింపే చప్పుడది. బండి ఆగినప్పుడల్లా ఆ రొద వినీ వినిపించనంతగా ఉండేది. రిలే మీద వేలు పెడితే మాత్రం టక్కున కొట్టుకోవడం తెలిసేది. ఆజ్ఞ అందుతోంది, పంపు తిరగడం లేదు. ఇంతవరకూ నాకు నేనే తేల్చుకుని వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. అసలు కష్టం అక్కడ మొదలైంది.

మొదటి రెండుసార్లూ వాళ్ల ముందు కారు ఒక్కసారి కూడా ఆగలేదు. రెండోసారి నాన్న కూడా వచ్చారు. మెకానిక్ తాళం తిప్పాడు, ఇంజను వెంటనే అందుకుంది. అక్కడ ఐదారుగురు తమ బండ్ల కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్లందరికీ వినపడేలా "బండికి ఏ లోపమూ లేదు సార్, ట్యాంకులో పెట్రోలు చూసుకుంటున్నారా?" అన్నాడు. ఇరవై ఏళ్లు ఈ కారును కంటికి రెప్పలా చూసుకున్న మనిషి మా నాన్న. ఏమీ మాట్లాడకుండా వెళ్లి కారులో కూర్చున్నారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తోంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే కనిపించే లోపాన్ని వెతకడం కష్టమని ఒప్పుకుంటాను. అయితే 'ఇప్పుడు కనబడటం లేదు' అనడం వేరు, 'లేదు' అనడం వేరు. రెండో మాట అనే హక్కు ఎవరికీ లేదు.

మూడోసారి కారు సరిగ్గా వాళ్ల గేటు ముందే ఆగింది. మెకానిక్ ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో నాలుగు దెబ్బలు వేయగానే స్టార్టయింది. పంపు మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు అరిగిపోతే ఇలా దెబ్బకు కదిలే మాట నిజమే. తరువాత పంపు కనెక్టర్ ఊడదీసి, మీటరు పెట్టి, నాకు 12 వోల్టులు చూపించాడు. "కరెంటు నిండుగా వస్తోంది సార్, పంపే పోయింది." నేనూ నమ్మాను. కొత్త పంపు వేశారు. పదిహేడో రోజున అదే ఎత్తు మీద, అదే కుదుపుతో కారు ఆగింది. మళ్లీ వెళ్తే "కొత్త పంపు వేశాం కదా, మీరు నడిపే తీరులోనే ఏదో ఉంది" అన్నారు. పాత పంపు ఇమ్మంటే పారేశామన్నారు. ఏ భాగం మార్చినా ఊడదీసిన పాతదాన్ని అప్పటికప్పుడే అడిగి తీసుకోండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

ఆ 12 వోల్టులే మమ్మల్ని మోసం చేశాయి. కనెక్టర్ ఊడదీశాక తీగలో కరెంటు పారదు, మీటరు లాగేది దాదాపు శూన్యం. తీగ ఒక్క పోగు మీద వేలాడుతున్నా మీటరు 12 చూపిస్తుంది. కుళాయి మూసి ఉన్నంతసేపూ నలిగిన పైపులోనూ ఒత్తిడి నిండుగానే ఉంటుంది, విప్పితేనే అసలు సంగతి తెలుస్తుంది. పంపు తిరిగేటప్పుడు ఐదారు ఆంపియర్లు లాగుతుంది. దారిలో ఒక్క ఓమ్ అడ్డు ఉంటే చాలు, ఐదు వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. కాబట్టి పంపు తిరుగుతుండగా, కనెక్టర్ తగిలించే ఉంచి కొలవాలి.

ఈసారి మేమే చేశాం. వెనుక సీటు ఎత్తి, ట్యాంకు మీది మూత తీసి, కనెక్టర్ వెనుక నుంచి పంపు తీగలకు సన్నటి సూదులు ఆనించి, అక్కడి నుంచి పొడవాటి తీగలు ముందు సీటు దాకా లాగాం. ప్రతి తీగకూ చిన్న ఫ్యూజు పెట్టాను. పెట్రోలు ఆవిరి ఉండే చోటు కాబట్టి బ్యాటరీ తీగ విప్పాకే ఇదంతా చేశాం, అద్దాలన్నీ దించే ఉంచాం. ఒక మీటరు పంపు రెండు తీగల మధ్య పెట్టాం. రెండోది పంపు నల్లతీగకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి చేరే ఎర్త్ దారి మీద. తమ్ముడు రెండు మీటర్లూ ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు.

నలభై నిమిషాలు ఏమీ జరగలేదు. ఎత్తు మొదలైంది, కారు కుదిపింది. "అన్నయ్యా, పంపు దగ్గర ఆరుకు పడిపోయింది! ఇటువైపు ఏడు దాటింది!" అని తమ్ముడు అరిచాడు. కాగితం మీద రాసుకున్న అంకెలు ఇవి: పంపు దగ్గర 6.1, ఎర్త్ వైపు 7.4. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ముందే చూసిన 13.8లో మిగిలింది 0.3, అది పాజిటివ్ వైపు పోతోంది. బాగున్న ఎర్త్ తీగ మీద 0.2 వోల్టులకు మించి కనబడకూడదు. పంపుకు రావలసిన దానిలో సగానికి పైగా ఎర్త్ దారే తినేస్తోంది.

నల్లతీగ వెంట వెళ్తే వెనుక సీటు కింద, కార్పెట్ అడుగున బాడీకి బిగించిన బోల్టు కనబడింది. పైకి శుభ్రంగా ఉంది, స్పానరుకు గట్టిగానే తగిలింది. విప్పి రింగు పైకెత్తితే దాని అడుగుభాగమంతా పచ్చటి చిలుము, బాడీ రేకు మీద రింగు ఆకారంలోనే ముదురు గోధుమరంగు తుప్పు. ఒక అంచున మిరియపు గింజంత చోటు మాత్రం మెరుస్తోంది. ఇన్నాళ్లూ పంపు నడిచింది ఆ మెరుపు మీదే. కరెంటు పారేకొద్దీ అక్కడ వేడెక్కి పట్టు తప్పేది, చల్లారితే మళ్లీ అందుకునేది. ఆ సుత్తి దెబ్బలకు కదిలింది కూడా బ్రష్‌లు కాదు, ఈ రింగేనని నా నమ్మకం.

రేకు తళతళలాడేదాకా గరుకు కాగితంతో రుద్ది, కొత్త రింగు వేసి, బిగించి, పైన గ్రీజు పూశాను. తరువాత అదే ఎత్తు మీద పంపు దగ్గర 13.4, ఎర్త్ వైపు 0.1. మూడుసార్లు ఎక్కి దిగాం. మూడోసారి స్టీరింగు నాన్న తీసుకున్నారు.

ఇక తేలవలసింది కార్పెట్ కిందకు నీళ్లు ఎలా వచ్చాయన్నదే. వెనుక తలుపు రబ్బరు మీద అనుమానం ఉంది. రేపు తమ్ముణ్ణి టార్చితో లోపల కూర్చోబెట్టి, బయటి నుంచి పైపుతో నీళ్లు కొట్టి చూస్తాను.