వేడి గచ్చు మీద కొత్త టైల్స్: నా అనుభవం

కెనడాలోని ఎడ్మంటన్‌లో జనవరి అంటే బయట మైనస్ 30 కూడా చూస్తాం. మా బాత్రూంలో టైల్స్ కింద గచ్చుని వేడిచేసే కరెంటు కేబుల్ ఉంది. వరంగల్ నుంచి వచ్చిన అమ్మకి మా ఇంట్లో అన్నిటికన్నా నచ్చింది ఆ వెచ్చటి గచ్చే. పొద్దున్నే దాని మీద కాళ్ళు పెడితే మోకాళ్ళకి ప్రాణం లేచొచ్చినట్టుంటుందనేది.

తర్వాతి ఏడాది టైల్స్ డొల్లగా మోగడం మొదలైంది. స్నానపు తొట్టి పక్కన రెండు పగిలాయి. అమ్మ మళ్ళీ వచ్చేలోపు తీసి కొత్తవి వేద్దామనుకున్నాను.

ముందు బ్రేకర్ ఆపి, థర్మోస్టాట్ విప్పి, మల్టీమీటర్‌తో కేబుల్ రెసిస్టెన్స్ (నిరోధం) కొలిచాను. 24 ఓమ్‌లు. మాది 120 వోల్టుల మీద నడిచే 600 వాట్ల కేబుల్, లెక్క ప్రకారం రావాల్సింది అంతే. ఆ అంకె గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్నాను. ఈ పనిలో నేను చేసిన అన్నిటికన్నా మంచి పని అదే.

మూడో రోజు, తొట్టి దగ్గర టైల్ ఊడదీస్తుంటే ఉలి జారింది. మీటరు పెడితే అంకె రాలేదు. తీగ తెగింది. ఈ కేబుల్ మొత్తం ఒకటే తీగ కాబట్టి ఒక్క చోట తెగితే గచ్చంతా చల్లబడుతుంది. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

తెగిన చోటు కళ్ళెదుటే ఉండటం అదృష్టం. లేకపోతే వెతకడానికే ప్రత్యేక పరికరాలు కావాలి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. తెగిన చోటికి రెండు వైపులా సిమెంటు జాగ్రత్తగా చెక్కి, కేబుల్ కంపెనీ ఇచ్చే రిపేర్ కిట్‌తోనే తీగని, దాని చుట్టూ ఎర్త్ కోసం ఉన్న లోహపు తీగల అల్లికని విడివిడిగా కలిపి, పైన వేడికి బిగుసుకునే గొట్టం తొడిగాడు. తర్వాత మెగ్గర్ అనే మీటరుతో, కరెంటు బయటికి లీక్ కాకుండా ఇన్సులేషన్ సరిగ్గా ఉందో లేదో కూడా పరీక్షించాడు. మీటరు మళ్ళీ 24 చూపించింది. అతుకు గోడ నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి ఫోటో తీసుకున్నాను.

ఇక మట్టం. ఆరడుగుల రసమట్టం పెడితే తొట్టి వైపు అంగుళంలో మూడు ఎనిమిదో వంతులు దిగి ఉంది. మేము తెచ్చినవి 12 బై 24 అంగుళాల టైల్స్. ఇంత పెద్దవాటికి పది అడుగుల పొడవులో అంగుళంలో ఎనిమిదో వంతు కన్నా తేడా ఉండకూడదు. లేకపోతే అంచులు కాలికి తగులుతాయి. దుమ్మంతా వ్యాక్యూమ్ చేసి, ప్రైమర్ పూసి, గోడల వెంట ఫోమ్ పట్టీ పెట్టి, కన్నాలన్నీ మూశాం. లెవెలింగ్ కాంపౌండ్ (పోస్తే తనంతట తానే పారి మట్టం అయ్యే సిమెంటు మిశ్రమం) కలిపింది మా ఆవిడ, పోసింది నేను. సంచీ మీద రాసినన్ని నీళ్ళే పోయాలి. పల్చగా పారుతుందని ఎక్కువ పోస్తే ఆరాక పైపొర సుద్దలా రాలిపోతుంది. కలిపాక ఇరవై నిమిషాలు కూడా టైం ఉండదు కాబట్టి మూడు సంచులూ ఆపకుండా పోశాం. కేబుల్, అతుకు పూర్తిగా మునిగాయి.

గట్టిపడ్డాక కొలిచాను, 24. టైల్స్ వేశాక కొలిచాను, 24.

మాన్యువల్‌లో రాసినట్టు నాలుగు వారాలు స్విచ్ వేయలేదు. ఎండబెట్టడానికి వేడి పెడితే కింద పొర పగులుతుంది. అమ్మ రావడానికి ఆరు రోజుల ముందు, రాత్రి ఆన్ చేసి పడుకున్నాను. తెల్లారి చెప్పులు లేకుండా వెళ్ళి తలుపు దగ్గర నుంచి తొట్టి దాకా నడిచాను. అంతటా వెచ్చగానే ఉంది.