ఆ మెషిన్ నేనెప్పుడు ముట్టుకోవాలి?

మా ఊరు శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో, హైవే నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. రాత్రి డాబా ఎక్కితే పైడిభీమవరం ఫ్యాక్టరీల లైట్లు కనిపిస్తాయి. మందుల కంపెనీలు అక్కడే ఉన్నాయి, నేను చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ, ఇంకేం కావాలి, డిగ్రీ అయిపోగానే ఉద్యోగం వచ్చేస్తుందని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. 2024లో పాసయ్యాను. ఏడాదిన్నర దాటింది. ఇప్పటికి పదకొండు వాకిన్‌లకి (నేరుగా కంపెనీకి వెళ్లి ఇచ్చే ఇంటర్వ్యూలు), మూడు జాబ్ మేళాలకి వెళ్లాను. ఆన్‌లైన్‌లో ఎన్ని అప్లికేషన్లు పెట్టానో లెక్కపెట్టడం మానేశాను.

మొదటి వాకిన్ సంగతి చెప్తాను, ఎందుకంటే తర్వాతవన్నీ దాదాపు అలాగే జరిగాయి. వాట్సాప్‌లో వచ్చింది: క్యూసీ డిపార్ట్‌మెంట్ (మందుల నాణ్యత పరీక్షించే విభాగం), బీఎస్సీ, ఎమ్మెస్సీ, ఫ్రెషర్లు కూడా రావచ్చు. ఉదయం ఎనిమిదింటికి గేటు దగ్గరికి వెళ్లేసరికి లైను రోడ్డు మీదకి వచ్చేసింది. పలాస నుంచి, పార్వతీపురం నుంచి ముందురోజు రాత్రే బయలుదేరి వచ్చినవాళ్లు ఉన్నారు. ఒకమ్మాయి చంకలో పిల్లాడితో వచ్చింది. నా వంతు మధ్యాహ్నం రెండు దాటాక వచ్చింది, లోపల కూర్చున్నది నాలుగైదు నిమిషాలు.

"హెచ్‌పీఎల్‌సీ మీద పనిచేశావా అమ్మా?"

"చదువుకున్నాను సార్."

"రన్ మధ్యలో ప్రెషర్ ఒక్కసారిగా పెరిగింది. ముందు ఏం చూస్తావ్?"

తెలియనివాళ్ల కోసం, హెచ్‌పీఎల్‌సీ అంటే ఒక మందులో అసలు పదార్థం ఎంత ఉంది, ఉండకూడని మలినాలు ఎంత ఉన్నాయి అనేది విడదీసి చూపించే మెషిన్. క్యూసీలో రోజంతా దాంతోనే పని. నాకు రిటెన్షన్ టైమ్ (ఒక పదార్థం మెషిన్ దాటి బయటికి రావడానికి పట్టే సమయం) అంటే ఏంటో తెలుసు, పరీక్షలో పది మార్కుల ప్రశ్నకి మూడు పేజీలు రాశాను, బొమ్మ కూడా వేశాను. కానీ ప్రెషర్ పెరిగితే ఏం చూడాలో తెలియలేదు. ఆయన కోప్పడలేదు, పాపం మర్యాదగానే మాట్లాడారు. నా రెజ్యూమే మూల మీద పెన్సిల్‌తో ఏదో రాసుకుని, "ఫోన్ చేస్తాం" అన్నారు.

తర్వాత ఒక సీనియర్ అక్కని అడిగాను. కాలమ్‌లో (పదార్థాలు విడిపోయే గొట్టం) గానీ దాని ముందుండే ఫ్రిట్‌లో (సన్నటి జల్లెడ లాంటిది) గానీ ఏదో అడ్డుపడి ఉంటుంది, ముందు అదే చూడాలి అంది. అలా అడ్డుపడకూడదనే మొబైల్ ఫేజ్‌ని, అంటే మెషిన్‌లోంచి పంపే ద్రావకాన్ని, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, సోనికేటర్‌లో పెట్టి గాలి బుడగలు పోయాకే మెషిన్‌కి ఇస్తారట. మెషిన్ దగ్గర ఒక్క వారం నిలబడిన వాళ్లెవరికైనా ఇది తెలిసిపోతుంది. మూడేళ్లు చదివిన నాకు తెలియలేదు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలు ఆ ఒక్క వారం మాకు దొరకాల్సిందే. మన రాష్ట్రంలో 2020–21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు కమ్యూనిటీ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం. నేను చేరింది 2021లో, కాబట్టి నాకూ అది ఉంది. కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచి ఆలోచన ఉండదు. కానీ మా కాలేజీలో జరిగింది ఏంటంటే, ఎవరికి వాళ్లు ఎక్కడో ఒకచోట లెటర్ తెచ్చుకోండి అన్నారు. మా బ్యాచ్‌లో సగం మంది డబ్బులు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు, ఆన్‌లైన్‌లో వీడియోలు చూసినట్టు ఒక రిపోర్టు, దానికి స్పైరల్ బైండింగ్. నాది కూడా అలాంటిదే. తప్పని తెలుసు, మార్కులు ఆగిపోతాయన్న భయంతో తెచ్చాను. కంపెనీల వైపు నుంచి చూసినా, జిల్లాలో ఇన్ని కాలేజీల పిల్లలందరినీ ల్యాబ్‌లోకి రానివ్వడం ఏ కంపెనీకీ కుదరదు. ఆ లెక్క ముందే చూసుకుని, ఏ కాలేజీ పిల్లలు ఎక్కడికి వెళ్లాలో, ఎన్ని బ్యాచ్‌లుగా వెళ్లాలో ఎవరో ఒకరు కూర్చుని రాయాల్సింది. రాయలేదు. మా కాలేజీలో హెచ్‌పీఎల్‌సీ లేదు. మెషిన్ లక్షల్లో ఉంటుంది, కొనలేకపోతే అర్థం చేసుకుంటాను. కనీసం ఉన్నచోటికి ఒక్కసారి తీసుకెళ్లి చూపించి ఉంటే బాగుండేది.

క్యూసీ కాకపోతే ప్రొడక్షన్‌లో, అంటే మందు తయారుచేసే చోట, చేరొచ్చు కదా అని చాలామంది అంటారు. అబ్బాయిలు చేరుతున్నారు కూడా, మా క్లాసు అబ్బాయిలు నలుగురు రియాక్టర్ల దగ్గర ట్రైనీలుగా ఉన్నారు. నేను వెళ్లిన రెండు చోట్ల మాత్రం రెజ్యూమే కూడా తీసుకోలేదు, ప్రొడక్షన్‌కి అమ్మాయిల్ని తీసుకోం, మూడు షిఫ్టులూ తిరగాలి అన్నారు. ఫ్యాక్టరీల చట్టం 1948లో సెక్షన్ 66 అని ఉండేది, దాని ప్రకారం ఆడవాళ్లకి ఉదయం 6 నుంచి రాత్రి 7 లోపలే పని ఇవ్వాల్సి ఉండేది. 2025లో మన ప్రభుత్వం దాన్ని సడలించింది, ఒప్పుకుంటే, రక్షణ ఏర్పాట్లు ఉంటే, రాత్రి షిఫ్టు కూడా చేయొచ్చని. నాకైతే చేయాలనే ఉంది. కానీ కంపెనీ బస్సులు శ్రీకాకుళం, విజయనగరం టౌన్లకి తిరుగుతాయి గానీ మా ఊరి లోపలికి రావు. రాత్రి పదకొండింటికి హైవే మీద దిగి, అక్కడి నుంచి ఇంటిదాకా చీకట్లో నడవాలి. చట్టం మారింది, ఆ రోడ్డు మీద ఒక్క లైటు కూడా పడలేదు.

ఉద్యోగం వెతకడానికి కూడా డబ్బులు కావాలి, ఈ మాట ఎవరూ అనరు. నాన్న హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్తారు. మా వైపు చాలా ఇళ్లలో ఇంతే, పండక్కి వస్తారు, మళ్లీ రైలెక్కేస్తారు. నాన్న పంపే డబ్బుల్లోంచి జిరాక్సులు, ఫోటోలు, ఆటో, బయట టిఫిను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఫ్రీ అయ్యాక నాకు నిజంగా ఊపిరి వచ్చింది. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొడతారు. విజయనగరంలో జాబ్ మేళా అని తెలిస్తే ఇదివరకు రెండుసార్లు ఆలోచించేదాన్ని, ఇప్పుడు వెళ్లిపోతున్నాను. హైవే దగ్గర దిగి గేటు దాకా షేర్ ఆటో మాత్రం మామూలే. ఇంటికొచ్చాక అమ్మ గుమ్మంలోనే అడుగుతుంది, "ఏటన్నారు తల్లీ?" అని. "ఫోన్ సేస్తామన్నారమ్మా." ఈ మధ్య అడగడం మానేసింది, మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లిపోతుంది. అడిగినప్పుడే నయంగా ఉండేది.

జాబ్ మేళాల్లో మా చదువుకి సంబంధించినవి తక్కువ. ఇన్సూరెన్స్, ఫైనాన్స్ కలెక్షన్, షోరూమ్‌లో సేల్స్. లేదంటే శ్రీసిటీలో ఫోన్ల అసెంబ్లీ, హాస్టల్ ఇస్తారు. నా ఫ్రెండ్ ఒకమ్మాయి అక్కడికి వెళ్లింది, నిలబడి నిలబడి కాళ్లు వాస్తున్నాయి గానీ నెలనెలా ఇంటికి డబ్బులు పంపిస్తున్నాను అంది, గొంతులో ధైర్యం వినిపించింది. తన మీద నాకు గౌరవం.

ఇంకోటి జాగ్రత్తగా చెప్పాలి. కన్సల్టెన్సీ అని ఫోన్ వస్తుంది. మీ రెజ్యూమే సెలెక్ట్ అయింది, ఆఫర్ లెటర్ రెడీ, రిజిస్ట్రేషన్‌కి మూడు వేలు కట్టండి అంటారు. మా చిన్నాన్న కూతురు ఇలాగే పాతిక వేలు కట్టింది, బ్యాక్ డోర్‌లో పెట్టిస్తామని. వారానికి ఆ నంబరు పనిచేయలేదు. ఆ పాతిక వేలు మా పిన్ని జీడిపిక్కలు కొట్టి కూడబెట్టినవి. ఉద్యోగం ఇచ్చేవాడు మనకి జీతం ఇవ్వాలి, మన దగ్గర డబ్బు అడిగాడంటే అది ఉద్యోగం కాదు. దయచేసి ఎవరూ కట్టకండి, మీ చెల్లెళ్లకి కూడా చెప్పండి.

గవర్నమెంటు ఉద్యోగానికి చదువుకోవచ్చు కదా అనేవాళ్లకి మా పెదనాన్న కొడుకు సంగతి చెప్తాను. కానిస్టేబుల్ 6,100 పోస్టులకి 2022 నవంబర్‌లో నోటిఫికేషన్ వచ్చింది, అన్నయ్య అప్లై చేశాడు. ఫైనల్ రిజల్ట్ 2025 ఆగస్టులో వచ్చింది. ఆ రెండేళ్ల తొమ్మిది నెలలూ అన్నయ్య వేరే ఏ పనిలోనూ నిలబడలేకపోయాడు, రేపు ఈవెంట్స్ (శారీరక పరీక్షలు) అంటారేమో అని.

ఇప్పుడు నా ఆశ అప్రెంటిస్ మీద, అంటే కంపెనీలో స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవడం మీద ఉంది. ఇది చాలామంది బీఎస్సీ వాళ్లకి తెలియదు, ఐటీఐ వాళ్లకే అనుకుంటారు. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది, 2014లో దాన్ని సవరించి ఇంజినీరింగ్ కాని డిగ్రీ వాళ్లని కూడా చేర్చారు. నాట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వాలి. ఏడాది ట్రైనింగ్, 2019 రూల్స్‌లో డిగ్రీ వాళ్లకి నెలకి కనీసం 9,000 స్టైపెండ్ అని పెట్టారు, అందులో సగం ప్రభుత్వమే భరిస్తుంది. అయ్యాక చెన్నైలో ఉండే అప్రెంటిస్ ట్రైనింగ్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తుంది. తొమ్మిది వేలు తక్కువే, రూమ్ తీసుకుంటే ఏమీ మిగలదు. అయినా ఏడాదిపాటు మెషిన్ ముందు నిలబడనిస్తే నేను రేపే వెళ్తాను. ఒక వాకిన్‌లో మాత్రం నా ముందున్న అబ్బాయి అప్రెంటిస్ చేసొచ్చానని చెప్తే, అది ఎక్స్‌పీరియన్స్ కింద రాదు అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు కడుపులో మండింది. సగం స్టైపెండ్ ప్రభుత్వం ఇచ్చి, ఏడాదిపాటు పని నేర్పించి, చివరికి అది లెక్కలోకి రాకపోతే ఫ్రెషర్ ఇంకెక్కడ నేర్చుకోవాలి?

హెచ్‌ఆర్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఒకటే అడుగుతున్నాను. మీకు ఏడాది ఎక్స్‌పీరియన్స్ కావాలంటే ఆ మెసేజ్‌లో అలాగే రాయండి, ఫ్రెషర్లు రావచ్చు అని రాయకండి. కుదరదు అనుకుంటే అప్పుడే కుదరదని చెప్పేయండి. "ఫోన్ చేస్తాం" అంటే మేము నిజంగానే ఫోన్ పక్కన పెట్టుకుని పడుకుంటాం.

ప్రతి వాకిన్ నుంచి వచ్చేటప్పుడు బస్సులోనే నేను నన్నడిగిన ప్రశ్నలన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటాను, గేటు బయట మిగతావాళ్లని అడిగి వాళ్లవి కూడా. ఇప్పటికి 64 అయ్యాయి. సీనియర్ అక్కని, యూట్యూబ్‌ని, పాత పుస్తకాలని పట్టుకుని అన్నిటికీ జవాబులు రాశాను. పక్క ఊరి చెల్లి ఒకమ్మాయి ఇప్పుడు బీఎస్సీ ఆఖరి ఏడాది, మొన్న పేజీలన్నీ ఫోటోలు తీసి తనకి పంపాను. రాత్రి ఫోన్ చేసింది.

"అక్కా, ఇవన్నీ నువ్వు మెషిన్ దగ్గర చేసి రాసినవేనా?"

కాదమ్మా, ఇంకా ముట్టుకోలేదు అన్నాను. శనివారం ఇంకో వాకిన్ ఉంది, నువ్వూ రా, లోపలికి పంపకపోయినా గేటు దగ్గర అందరూ ఏం అడిగారో విందువుగాని అని చెప్పాను. ఆరున్నర బస్సుకి వస్తానంది.