సింహాచలం రాయి, అంటార్కిటికా, మధ్యలో జపాన్ వీసా

ఈ మధ్య జియాలజీ, జియోఫిజిక్స్ చదివే పిల్లల నుంచి మెసేజ్‌లు బాగా వస్తున్నాయి. "అక్కా నాకు ఎమ్మెస్సీలో 72 పర్సెంట్, జపాన్‌లో పీహెచ్‌డీ వస్తుందా", "అక్కా జర్మనీ బెటరా జపాన్ బెటరా", "జీఆర్ఈ రాయాలా" ఇట్లా. ఒక్కొక్కళ్ళకీ ముక్కలు ముక్కలుగా చెప్తుంటే ఏదో ఒకటి మిస్సవుతోంది, అందుకే కూర్చుని అంతా ఒకేచోట రాస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మీరెవరూ అడగని ప్రశ్న ఒకటుంది, నేను మొదట అదే అడుగుతా. నీకు ఏ కొండ తెలుసు? ఏ తీరం తెలుసు? ఏ ఊరి బోర్లలో నీళ్ళు ఎందుకు ఇంకిపోయాయో తెలుసు? సాఫ్ట్‌వేర్‌లో నువ్వు గుంటూరు నుంచి వచ్చినా గోవా నుంచి వచ్చినా కోడ్ ఒకటే. మన సబ్జెక్ట్‌లో మాత్రం నువ్వు పెరిగిన నేలే నీ క్వాలిఫికేషన్‌లో సగం. ఈ మాట నాకు ఎమ్మెస్సీలో ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే రెండేళ్ళు ముందే ధైర్యం వచ్చేది.

నేను చదివింది ఆంధ్రా యూనివర్సిటీలో, 1941లో సి. మహదేవన్ గారు మొదలుపెట్టిన జియాలజీ డిపార్ట్‌మెంట్. ఫీల్డ్ అంటే మాకు తూర్పు కనుమలే, సింహాచలం, అనంతగిరి, అరకు, పాడేరు. సింహాచలం కొండ అంతా ఖోండలైట్ అనే రాయి, ఎర్రగా మగ్గిపోయి గార్నెట్ అనే ఖనిజపు గింజలు పొడుచుకొచ్చి ఉంటుంది, వైజాగ్ వాళ్ళం రోజూ చూస్తూనే పెరుగుతాం, అదో పెద్ద విషయం అనిపించదు. పాడేరు వైపు వెళ్తే కొన్నిచోట్ల సఫిరిన్ అనే ఖనిజం దొరుకుతుంది, అది క్వార్ట్జ్‌ని ఆనుకుని కనిపించిందంటే ఆ రాయి ఒకప్పుడు 900 డిగ్రీలు దాటిన వేడి చూసిందని అర్థం. ఖండాల అడుగున 25, 30 కిలోమీటర్ల లోతులో మామూలుగా అంత వేడి ఉండదు, మరి ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎన్ని కోట్ల ఏళ్ళు అలా ఉంది, ఇప్పటికీ జనం కొట్టుకుంటున్న ప్రశ్న అది.

ఇందులో జపాన్ ఎందుకొచ్చిందంటారా. తూర్పు అంటార్కిటికాలో రేనర్ కాంప్లెక్స్ అని ఒక ప్రాంతం ఉంది, దాదాపు 90 నుంచి 100 కోట్ల ఏళ్ళ క్రితం అదీ మన తూర్పు కనుమలూ ఒకే పర్వతశ్రేణి. సుమారు 13 కోట్ల ఏళ్ళ క్రితం ఇండియా, అంటార్కిటికా విడిపోయాయి, సగం మన దగ్గర మిగిలింది, సగం మంచు కింద ఉండిపోయింది. జపాన్ వాళ్ళు 1957లో ఆ తీరంలోనే సియోవా అనే పరిశోధనా స్టేషన్ పెట్టారు, అప్పటి నుంచీ ఆ రాళ్ళు కొట్టి తెచ్చి టోక్యోలో పెట్టుకుంటున్నారు. అక్కడే నేపియర్ కాంప్లెక్స్ అనే ఇంకో ప్రాంతపు రాళ్ళయితే 1100 డిగ్రీల దాకా వేడెక్కినవి, ప్రపంచంలో అలాంటివి చాలా తక్కువ. అందుకే ఈ రకం రాళ్ళని చదవగలిగే మనుషులు జపాన్‌లో ఒక తరం మొత్తం తయారయ్యారు, వాళ్ళే శ్రీలంకకీ కేరళకీ కూడా ఏళ్ళ తరబడి వచ్చి పనిచేశారు. వాళ్ళ దగ్గరున్న సగం కథ పూర్తవ్వాలంటే మన దగ్గరున్న సగం కావాలి. ఈ సంగతి సెమినార్ లైబ్రరీలో ఒక పేపర్ చదువుతుంటే తట్టింది నాకు, ఆ రాత్రి నిద్రపట్టలేదు, ఎందుకంటే ఆ పేపర్‌లో వాళ్ళు "పోల్చడానికి శాంపిల్స్ లేవు" అని రాసిన చోటు మా ఫీల్డ్ క్యాంప్ నుంచి బస్సులో వెళ్ళొచ్చేంత దూరం.

జపాన్ ప్రొఫెసర్‌కి నేను పంపిన మెయిల్‌లో మార్కుల గురించి ఒక్క లైను. మిగతాదంతా ఒక రోడ్ కటింగ్ (రోడ్డు కోసం కొండని కోసిన చోటు) గురించే, అక్కడ ఏ రాయి పక్కన ఏ రాయి ఉంది, నా థిన్ సెక్షన్‌లో ఏం కనిపించింది, నాకు అర్థం కానిది ఏది. థిన్ సెక్షన్ అంటే రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి మైక్రోస్కోప్ కింద పెట్టేది, డిగ్రీ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉంటారని చెప్తున్నా. ఫోటో అటాచ్ చేశా. జవాబు మర్నాడే వచ్చింది, "ఇది ఏ ఊరి దగ్గర" అని అడుగుతూ. మీ మెయిల్స్ నాకు చూపిస్తుంటారు కదా, "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్" అని మొదలై సీవీతో అయిపోతాయి, అందులో మీరూ లేరు, మీ కొండా లేదు.

ఇది నా ఒక్కదాని కథే అనుకోకండి. వి. రామనాథన్ గారు తెలుసు కదా, వాతావరణ శాస్త్రంలో ఎంత పెద్ద పేరో. ఆయన ఇంజినీరింగ్ అయ్యాక పనిచేసింది మన సికింద్రాబాద్‌లో ఒక రిఫ్రిజిరేటర్ కంపెనీలో, ఫ్రిజ్‌ల నుంచి గ్యాస్ ఎందుకు లీకవుతోందో చూడటం పని. తర్వాత బెంగళూరు ఐఐఎస్సీ, అక్కణ్ణుంచి అమెరికాలో పీహెచ్‌డీ, 1975లో ఆ క్లోరోఫ్లోరోకార్బన్ గ్యాసులే భూమిని వేడెక్కిస్తాయని లెక్కకట్టి సైన్స్ పత్రికలో పేపర్ వేశారు. ఇంకొకరు వాతావరణ శాస్త్రవేత్త కరుమూరి అశోక్ గారు, జపాన్‌లో జామ్‌స్టెక్ అనే సముద్ర పరిశోధన సంస్థలో ఉండగా 2007లో ఎల్ నినో మొడోకి పేపర్ రాశారు. పసిఫిక్‌లో వేడి తూర్పు అంచుకి కాకుండా మధ్యలోనే ఆగిపోతే వానలు ఎలా మారతాయో చెప్పే పేపర్ అది, మన రుతుపవనాల్ని అర్థం చేసుకోడానికీ పనికొస్తుంది. తర్వాత కొరియాలో బుసాన్, పుణె, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. కేరళ రాళ్ళతో మొదలెట్టిన జియాలజిస్ట్ ఎం. సంతోష్ గారైతే జపాన్ కొచి యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేసి తర్వాత బీజింగ్ వెళ్ళారు. ఈ ముగ్గురి దారీ వేరు, కానీ ముగ్గురూ ఇక్కడ మొదలైన ప్రశ్నని అక్కడికి మోసుకెళ్ళిన వాళ్ళే.

అసలు జపాన్‌లో భూకంప శాస్త్రం మొదలవడంలోనే విదేశీయులున్నారు, జాన్ మిల్న్ అని ఇంగ్లండ్ మైనింగ్ ఇంజినీర్ 1876లో పాఠాలు చెప్పడానికి వచ్చాడు, 1880లో యోకోహామా ఊగాక అక్కడివాళ్ళతో కలిసి సీస్మొలాజికల్ సొసైటీ పెట్టాడు. కాబట్టి "పరాయి దేశంలో మనల్ని ఎవరు పట్టించుకుంటారు" అనే భయం ఈ సబ్జెక్ట్‌లో అక్కర్లేదు.

సరే, ఇప్పుడు డబ్బుల సంగతి, మీకు కావాల్సింది అదే అని తెలుసు. జపాన్‌కి ముఖ్యమైన దారి ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్. ఢిల్లీ ఎంబసీ ద్వారా ఒకటి, యూనివర్సిటీయే రికమెండ్ చేసేది ఇంకొకటి. ఎంబసీది అయితే రాతపరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి, వయసు 35 లోపు ఉండాలి, ఫీజులుండవు, పీహెచ్‌డీకి నెలకి సుమారు 1,45,000 యెన్ ఇస్తారు. టోక్యోలో అది సరిపోతుంది కానీ ఇంటికి పంపడానికి మిగలదు, ఇది ముందే ఇంట్లో చెప్పండి, ఫారిన్ వెళ్ళింది కదా పంపిస్తుందిలే అనుకుంటారు. నా క్లాస్‌మేట్ ఒకడు ఈ కారణానికే వదులుకుని ఆయిల్ కంపెనీలో చేరాడు, 2014 తర్వాత ఆయిల్ ధర వంద డాలర్ల పైనుంచి 2016 మొదట్లో ముప్పై కిందకి పడినప్పుడు ఉద్యోగం పోయింది, ఇప్పుడు పెర్త్‌లో మైనింగ్‌లో ఉన్నాడు, బాగున్నాడు. అదీ ఒక దారే, తక్కువ చేసి మాట్లాడను.

పీహెచ్‌డీ అయ్యాక జపాన్ ప్రభుత్వ సంస్థ జేఎస్‌పీఎస్ ఇచ్చే ఫెలోషిప్ ఉంటుంది, పీహెచ్‌డీ వచ్చి ఆరేళ్ళు దాటకూడదు, రెండేళ్ళ దాకా ఇస్తారు, నెలకి 3,62,000 యెన్. అప్లై చేసేది మీరు కాదు, అక్కడి హోస్ట్ ప్రొఫెసర్. అందుకే మే నెలలో చిబాలో జరిగే జేపీజీయూకో, ఏప్రిల్-మేలో వియన్నాలో జరిగే ఈజీయూకో, అంటే భూశాస్త్రాల పెద్ద సమావేశాలకి, ఒక్కసారైనా వెళ్ళమంటా, పోస్టర్ పక్కన నిలబడి మాట్లాడిన మనిషిని ఆరు నెలల తర్వాత మెయిల్‌లో గుర్తుపడతారు. ఉద్యోగాల ప్రకటనలు జేరెక్-ఇన్ అనే సైట్‌లో వస్తాయి, ఇంగ్లీష్‌లో కొన్నే ఉంటాయి. ల్యాబ్‌లో ఇంగ్లీష్‌తో గడిచిపోతుంది, కానీ ఫ్యాకల్టీ పోస్ట్ అంటే కమిటీ మీటింగులు, ఎంట్రన్స్ పరీక్షల పనులు, అన్నీ జపనీస్‌లోనే. మొదటి రోజు నుంచే భాష మొదలెట్టండి, పీహెచ్‌డీ అయ్యాక చూద్దాం అంటే ఆ టైమ్‌లో బుర్ర ఖాళీగా ఉండదు.

ఆ తర్వాత వచ్చే ఏళ్ళ గురించి ఎవరూ రాయరు, అవే అసలు కష్టం. అన్నీ కాంట్రాక్టులే, రెండేళ్ళు, మూడేళ్ళు, ప్రాజెక్ట్ అయిపోతే మళ్ళీ ఊరు మారాలి. జపాన్‌లో పరిశోధకులకి కాంట్రాక్టుల మీద పదేళ్ళు దాటితే పర్మనెంట్ అడిగే హక్కు చట్టంలో ఉంది, కానీ పదో ఏడు రాకముందే ఆపేసే చోట్లున్నాయి. జర్మనీలో కాంట్రాక్టు మీద పనిచేయడానికి పీహెచ్‌డీకి ముందు ఆరేళ్ళు, తర్వాత ఆరేళ్ళు అని పరిమితి, ఆలోపు పర్మనెంట్ దొరక్కపోతే చాలామందికి యూనివర్సిటీ తలుపు మూసుకున్నట్టే. నాతో పాటు చేసిన ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి, అగ్నిపర్వతాల బూడిద మీద అంత చక్కగా పనిచేసేది, ఇద్దరు పిల్లలతో ప్రతి రెండేళ్ళకీ ఊళ్ళు మారలేక మానేసింది. నాకు ఇప్పటికీ కోపంగానే ఉంటుంది. ఆమెకి తెలిసింది ఇంకొకరికి తెలియడానికి ఇంకో పదేళ్ళు పడుతుంది. ఆడపిల్లలు మెసేజ్ పెట్టినప్పుడు ఇదంతా దాచకుండా చెప్తా, భయపెట్టడానికి కాదు, పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడే ఈ లెక్క కూడా టేబుల్ మీద పెట్టమని.

ఇంక వెనక్కి రావడం. అందరూ "బ్రెయిన్ డ్రెయిన్" అంటారు గానీ తలుపు ఎక్కడ మూసి ఉందో చూడరు. జీఎస్ఐలో (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) జియాలజిస్ట్ కావాలంటే యూపీఎస్సీ పరీక్షకి జనరల్ కేటగిరీలో పై వయసు 32. యువ పరిశోధకులకి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీకీ 32 పరిమితే చూశాను. బయట పీహెచ్‌డీ ముప్పైకి అయితే, ఒక మంచి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) చేసేసరికి ఆ వయసు దాటిపోతుంది, అంటే బాగా పని నేర్చుకుని వద్దామనుకున్న వాళ్ళకే దారి ఇరుకవుతుంది. బయట నుంచి వెనక్కొచ్చే వాళ్ళకిచ్చే రామానుజన్ ఫెలోషిప్ 40 ఏళ్ళ దాకా ఇచ్చేవారు, అలాంటివి పెరగాలి. మెషిన్లు లేవనే మాట కూడా ఇప్పుడు పూర్తిగా నిజం కాదు, రాళ్ళలో ఉండే జిర్కాన్ అనే ఖనిజపు రేణువుల వయసు కొలవడానికి ఢిల్లీలో ఐయూఏసీ అనే పరిశోధన కేంద్రంలో పెద్ద ఫెసిలిటీ వచ్చింది, మన హైదరాబాద్‌లో జియోఫిజిక్స్ పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ 1961 నుంచీ ఉండనే ఉంది. లేనిది ఆ మెషిన్ల దగ్గర పదేళ్ళు కూర్చున్న మనుషుల్ని నిలబెట్టుకునే ఏర్పాటు.

"నువ్వు వస్తావా అక్కా" అని కూడా అడుగుతున్నారు కదా. వస్తా. ఇండియాలో ఒక ఫెలోషిప్‌కి ప్రపోజల్ పంపా, అనంతగిరి నుంచి పాడేరు దాకా శాంపిల్స్ తీసి అంటార్కిటికా వాటితో పక్కపక్కన పెట్టి వయసులు కట్టే పని, అందులో ఎమ్మెస్సీ స్టూడెంట్స్‌కి స్టైపెండ్ కూడా అడిగా. వస్తుందో రాదో వేసవికల్లా తెలుస్తుంది. ఈలోపు మీ డిపార్ట్‌మెంట్‌లో థిన్ సెక్షన్ మెషిన్ మూలన పడి ఉంటే సార్‌ని బతిమాలి బాగుచేయించి నేర్చుకోండి, మీరు చేసిన మొదటి సెక్షన్ ఫోటో తీసి ఊరి పేరుతో సహా నాకు పంపండి, ఎవరికి మెయిల్ పెట్టాలో అది చూసి చెప్తా.