సింహగడ్ ప్రయాణానికి మా తరగతి వేసిన ప్లాను

సోలాపూర్‌లో పుట్టి పెరిగిన పిల్లలకు కొండ అంటే పుస్తకంలో బొమ్మే. ఊరు చదును, చుట్టూ జొన్న చేలు. మనకున్న కోట కూడా నేల మీదే ఉంది. సిద్ధేశ్వర్ చెరువు పక్కనున్న భుయికోట్‌ను రోజూ చూస్తూ తిరిగే మాకు కోట అంటే అదే. అందుకే మేం తొమ్మిదో తరగతిలో ఉండగా చరిత్ర సార్ వచ్చి, "ఈ చలికాలం ఒక కొండకోట చూసొద్దాం. ఒక్క రోజులో ఎక్కి, దిగి, ఇల్లు చేరాలి. ప్లాను నేను వెయ్యను, మీరే వెయ్యాలి" అన్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో మాలో ఒక్కరికీ తోచలేదు.

ఈ సంచికలో చాలామంది మన బడి గురించి, ప్రార్థన గురించి, వార్షికోత్సవ నాటకాల గురించి రాస్తారు. నేను ఆ ప్లాను గురించే రాయాలనుకున్నాను. పుణె దగ్గరి సింహగడ్ కొండకోట మీద గడిపింది ఒక పూటే. దానికి ముందు వారాల తరబడి సాగిన ఆ లెక్కలు, వాదనలే నాకు చరిత్రను దగ్గర చేశాయి.

సార్ మమ్మల్ని ముందుగా తీసుకెళ్లింది మన భుయికోట్‌కే. లోపల తోటలో కూర్చోబెట్టి, రాజుల పేర్లు పక్కన పెట్టి, ఈ కోట కట్టినవాడి స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి అన్నారు. శత్రువు ఎటు నుంచి వస్తాడు? లోపల ఉన్నవాళ్లకు నీళ్లెక్కడివి? తలుపు అక్కడే ఎందుకు పెట్టారు? ఎక్కువ రోజులు ముట్టడి జరిగితే ఏం తింటారు? మేం తిరిగి చూసి చెప్పాం: ఒక పక్క చెరువు, మిగతా వైపుల కందకం, ఆపైన రెండు వరుసల గోడ. చదును నేల మీద కోట కాబట్టి అడ్డంకులన్నీ మనుషులే కట్టుకోవాలి. "కొండకోటలో సగం పని కొండే చేసి పెడుతుంది. అయితే నీళ్ల బాధ అక్కడే ఎక్కువ" అన్నారు సార్. ఆ నాలుగు ప్రశ్నలూ నోటుబుక్ వెనక పేజీలో రాసుకున్నాం. తర్వాత ప్రయాణం ప్లాను కూడా వాటి మీదే నడిచింది. ఎటు నుంచి ఎక్కాలి, నీళ్లెక్కడ, ఎంతసేపు, ఏం తినాలి.

ఏ కోట అన్నదాని మీద పెద్ద చర్చే జరిగింది. నల్‌దుర్గ్ దగ్గరే, కానీ దానికి కొండ ఎక్కే పని లేదు, పైగా వానాకాలంలో ఆ జలపాతాలు సగం మంది చూసినవే. రాయ్‌గడ్ దూరం. రాజ్‌గడ్ ఎక్కాలంటే ఒక పూట చాలదు. చివరికి సింహగడ్ అనుకున్నాం. పుణె నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, సిటీ బస్సు కొండ కింది ఊరి దాకా పోతుంది, కాలిబాటన మామూలు మనిషి గంటన్నర, రెండు గంటల్లో ఎక్కేస్తాడు. సముద్రమట్టానికి సుమారు 1,310 మీటర్ల ఎత్తు. సోలాపూర్ దానిలో సగం కూడా లేదని అట్లాసులో చూసి మాకు భలే ఉత్సాహం వచ్చింది.

అసలు పరీక్ష టైము దగ్గర వచ్చింది. పొద్దున్న హుతాత్మ ఎక్స్‌ప్రెస్‌లో పోదామన్నారు మొదట కొందరు. అది పుణె చేరేసరికి పది దాటుతుంది, కొండ మొదలు చేరేసరికి నడినెత్తిన ఎండ. సార్ అప్పుడు ఒక పద్ధతి నేర్పారు: ఇంటికి చేరే టైముతో మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టండి. సాయంత్రం ఆరు ప్రాంతంలో పుణెలో బయలుదేరే హుతాత్మ పట్టుకుంటే రాత్రి పదింటికల్లా ఊళ్లో ఉంటాం. అంటే అయిదింటికి స్టేషన్లో ఉండాలి. కొండ దగ్గరి ఖడక్‌వాస్లా నుంచి పుణెలోకి వచ్చే దారిలో ట్రాఫిక్ ఉంటుంది, దానికి రెండు గంటలు తీసి పెట్టాలి. దిగడానికి రెండు గంటలు. అంటే మధ్యాహ్నం ఒంటిగంటకు కోట తలుపు దాటి కిందికి అడుగు పడాల్సిందే, చూడనిది ఎంత మిగిలినా సరే. ఈ లెక్క ప్రకారం పొద్దున్న ఏడింటికే కొండ మొదట్లో ఉండాలి. అలా వెనక్కి వెనక్కి పోతే మిగిలింది రాత్రి బండి ఒక్కటే. సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్.

రాత్రి బండి అనగానే ఆడపిల్లల ఇళ్లలో గొడవ మొదలైంది. అది చీకటి ఉండగానే పుణెలో దింపుతుంది మరి. మా అమ్మ బీడీలు చుడుతూనే సార్‌ను అడిగింది: "రాత్రి పూట ఆడపిల్లను ఎట్ల పంపాలె సార్? నాన్న ఒప్పుకోడు." సార్ నచ్చజెప్పే ప్రయత్నం చెయ్యలేదు. "మీ అమ్మాయినే ప్లాను చెప్పమనండమ్మా. అందులో ఏదన్నా తక్కువైతే పంపకండి" అన్నారు. నేను కాగితం తెచ్చి చదివాను. ఏ డబ్బాలో ఎక్కుతాం, ఆడపిల్లలతో పాటు ఏ ఇద్దరు మేడమ్‌లు ఉంటారు, పుణె స్టేషన్లో తెల్లారేదాకా లేడీస్ వెయిటింగ్ హాల్లో ఎక్కడ కూర్చుంటాం, ఎవరికి ఎవరు జత, లెక్క ఎప్పుడెప్పుడు తీస్తారు, ఇంటికి ఫోన్ ఎక్కడి నుంచి చేస్తాం. నాన్న మగ్గం ఆపి వచ్చి నిలబడి విన్నారు. ఒకే ఒక్క ప్రశ్న వేశారు: ఎవరికన్నా కాలు బెణికితే? దానికి జవాబు మా కాగితంలో లేదు. మర్నాడు బడిలో ఆ ప్రశ్న చెబితే సార్ ఎంత సంతోషించారో! మందుల పెట్టెలో క్రేప్ బ్యాండేజీ చేరింది. దెబ్బ తగిలినవాళ్లను కాలిబాటన దింపకుండా ఘాట్ రోడ్డు మీదుగా జీపులో తేవాలన్న వాక్యం చేరింది. సాఖర్‌పేట, దాజీపేట, అశోక్ చౌక్, ఇలా ప్రతి వాడలో ఎవరో ఒక తల్లో తండ్రో వేసిన ప్రశ్న ఆ ప్లానులోకి వచ్చి చేరింది. నాకు ఈనాటికీ అందులో బాగా నచ్చేది అదే.

నీళ్ల గురించి సార్ చాలా గట్టిగా ఉండేవారు. తలా రెండు లీటర్లు, అందులో సగం పైకి చేరేదాకా తాగడానికి, సగం దిగడానికి. పైన దేవ్ టాకే అనే తొట్టి ఉంది, రాతిలో తొలిచినది, ఊట నీరు. తరతరాలుగా తాగినవే అయినా దాన్ని నమ్ముకుని ఖాళీ బాటిల్‌తో రావద్దన్నారు. అక్కడే కోట సంగతి అందుకున్నారు. ఢిల్లీ సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఈ కోట మీదికి వచ్చినప్పుడు కోళీ తెగ నాయకుడు నాగ్ నాయక్ నెలల తరబడి నిలబడ్డాడు. అన్ని నెలలు నిలవాలంటే పైన నీళ్లుండాలి కదా? అప్పుడు దీని పేరు కొండాణా. మా బాటిళ్ల లెక్కా, నాగ్ నాయక్ లెక్కా ఒకటేనని ఆ రోజు అర్థమైంది.

తిండికి మన ఊరికి మించింది లేదు. కడక్ భాకరీ, శేంగా (పల్లీల) చట్నీ. ఎండబెట్టిన జొన్నరొట్టె రోజుల తరబడి చెడదు, సంచీలో నలగదు, చట్నీ పొడికి చెమ్మ తగలకుంటే చాలు. చెప్పులు వద్దు, వెనక మడమ పట్టే కాన్వాస్ బూట్లు కావాలి. సెంటు పూసుకోవద్దు, ఎక్కడా పొగ పెట్టొద్దు. కోట గోడలకు, కొండ చరియలకు తేనెపట్లుంటాయి.

వానాకాలం ఎందుకు వద్దో కూడా రాసుకున్నాం. పచ్చగా, మబ్బులతో అందంగా ఉంటుందన్నది నిజం. కానీ బాట జారుతుంది, మంచులో ముందు మనిషి కనబడడు, పిడుగుల భయం ఉంది. కోటలో మందుగుండు కొఠారు మీద 1751లో పిడుగు పడిందని చెబుతారు. అంత ఎత్తున, చెట్టు లేని చోట పిల్లల్ని పెట్టుకుని వానలో నిలబడకూడదు.

అన్నిటికన్నా నాకు బాగా గుర్తున్న పాఠం శివాజీ సేనాని తానాజీది. 1665లో పురందర్ సంధితో శివాజీ మొఘలులకు 23 కోటలు వదులుకున్నాడు, వాటిలో కొండాణా ఒకటి. 1670 ఫిబ్రవరి 4 రాత్రి తానాజీ మాలుసరే దాన్ని తిరిగి పట్టి, ఆ పోరులోనే ప్రాణం విడిచాడు. ఉడుముకు తాడు కట్టి ఎక్కారన్న కథ మహారాష్ట్రలో పుట్టిన ఏ పిల్లాడికైనా తెలుసు. సార్ ఆ కథ చెప్పలేదు. ఆ రాత్రి తిథి మాఘ బహుళ నవమి అని బోర్డు మీద రాసి, ఇంట్లో పంచాంగం చూసి నవమి నాడు చంద్రోదయం ఎప్పుడో తెలుసుకురండి అన్నారు. మా తాతయ్య పంచాంగం తీసి చూపించాడు. అర్ధరాత్రి దాటితే గానీ చంద్రుడు రాడు. అంటే చీకట్లో కొండ మొదటికి చేరొచ్చు, లోపల పోరాడే వేళకు కాస్త వెలుతురు ఉండొచ్చు. తలుపులున్న వైపు కాపలా ఎక్కువ, అందుకే ఎవరూ రారనుకున్న నిట్టనిలువు చరియ ఎన్నుకున్నాడు. "అతనూ మీలాగే ముందు కాగితం మీద కూర్చున్నాడు, కాకపోతే అతని కాగితం బుర్రలో ఉంది" అన్నారు సార్. అప్పటిదాకా నాకు వీరుడంటే కత్తి తిప్పేవాడు. ఆ రోజు నుంచి వీరుడు లెక్క వేసేవాడు కూడా అయ్యాడు.

ఇక ప్రయాణం గురించి. రైలు, వెయిటింగ్ హాలు, పుణెలోని స్వార్‌గేట్ నుంచి తొలి సిటీ బస్సు, అన్నీ అనుకున్నట్టే జరిగాయి. కొండ కింది ఊరు ఆతకర్‌వాడీలో దిగేసరికి ఇంకా చలి. నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు నడిపించారు. మా క్లాసులో ఆయాసం ఉన్న అమ్మాయి ఒకతె ఉండేది, ఆమెకే ముందు స్థానం ఇచ్చారు. ఆమె ఆగితే అందరం ఆగాలి. వెనకపడుతున్నానన్న బాధ లేకుండా ఆ అమ్మాయి కొండంతా తన కాళ్లతో ఎక్కింది. వరస చివర పీఈటీ సార్ విజిల్‌తో ఉన్నారు.

పైకి పోయేకొద్దీ నల్లరాయి అరలు అరలుగా కనబడింది. దక్కను పీఠభూమి అంతా లావా పొరలు పొరలుగా గడ్డకట్టిన నేల అని భూగోళంలో చదివిందే, చేత్తో తాకితే వేరుగా ఉంది. పుణె దర్వాజా ఒక్క తలుపు కాదు, ఒకదాని వెనక ఒకటి మూడు. భుయికోట్‌లో అడిగిన ప్రశ్నలే సార్ అక్కడ మళ్లీ అడిగారు. ఈసారి ఎవరూ తడుముకోలేదు. శివాజీ కొడుకు రాజారామ్ మహారాజు సమాధి దగ్గర ఆగాం, 1700 మార్చిలో ఆయన ఈ కోటలోనే కన్నుమూశారు. తిలక్ విడిది చేసిన బంగళా చూశాం. ఆ పక్కకు వెళ్లి చూస్తే దూరంగా తోర్నా, రాజ్‌గడ్, కింద ఖడక్‌వాస్లా చెరువు. అక్కడి నుంచి చూస్తే ఎవరు ఎప్పుడు వచ్చినా ముందే కనబడతారని మాకై మాకే తట్టింది. కల్యాణ్ దర్వాజా దాకా వెళ్లాం. దేవ్ టాకే నీళ్లు తలా ఒక గుక్క తాగాం, చల్లగా, తియ్యగా ఉన్నాయి. మట్టి ముంతలో పెరుగు అమ్మే అవ్వ మా తెలుగు విని, ఎక్కడివారు పోరల్లారా అని మరాఠీలో అడిగింది. సోలాపూర్ అనగానే "చాదరవాలే" అంది. మా నాన్నలు నేసిన చాదర్లు ఆ కొండ మీద కూడా తెలుసన్న గర్వంతో ఆ పెరుగు ఇంకాస్త తిన్నాం.

ఒంటిగంటకు విజిల్ మోగింది. తానాజీ స్మారకం దగ్గర ఇంకొంచెం కూర్చోవాలని అందరికీ ఉంది. ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఒంటిగంట అని రాసింది మేమే.

ఇప్పుడు బడిలో చదివే పిల్లలకు ఒక మాట. ఆ ప్లాను ఇప్పటికీ పనికొస్తుంది, కొన్ని మార్పులు చేసుకుంటే చాలు. శని, ఆదివారాలు వద్దు, ఆ రోజుల్లో పుణె జనమంతా అక్కడే ఉంటారు, సన్న బాటన పిల్లల్ని లెక్క పెట్టడం కష్టం. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పనిదినం చూసుకోండి. రైలు, బస్సు టైములు మారుతుంటాయి కాబట్టి ముందుగా సరిచూసుకుని, మళ్లీ రాత్రి ఇల్లు చేరే గంట దగ్గర నుంచే వెనక్కి లెక్క కట్టండి. ప్లాస్టిక్ ఏదీ పైకి తీసుకెళ్లొద్దు, తీసుకెళ్లినది కిందికి తెచ్చేయండి. ప్లాను మాత్రం టీచర్లు వేసి ఇవ్వకండి, పిల్లల చేతే వేయించండి. అమ్మానాన్నల ముందు చదివించండి.

మా బ్యాచ్‌లో చాలామందిమి ఇప్పుడు ఉద్యోగాల మీద పుణెలోనే ఉన్నాం. మీ తేదీ ఖాయం కాగానే ఒక నెల ముందు పూర్వ విద్యార్థుల సంఘానికి చెప్పండి. సిద్ధేశ్వర్ వచ్చే వేళకు స్టేషన్లో మేముంటాం. తెల్లారేదాకా పిల్లలు కూర్చోవడానికి ఒక ఇల్లు, వేడి టీ, కొండ దాకా బస్సు, వెంట నడిచే నలుగురు పెద్దవాళ్లు, ఈ ఏర్పాట్లు మావి. భాకరీ, చట్నీ మాత్రం మీరే తేవాలి, మాకు కూడా కలిపి.