మా హాల్లో ‘ది ఇన్విజిబుల్ వార్’: నా అనుభవం

మేముండే శాన్ ఆంటోనియోలోనే లాక్‌లాండ్ బేస్ ఉంది. అమెరికా ఎయిర్‌ఫోర్స్‌లో సిపాయిలుగా చేరేవాళ్లకు తొలి శిక్షణ అక్కడే. 2012లో అక్కడి శిక్షకులే ట్రైనీల మీద లైంగిక దాడులు చేసిన కేసులు బయటపడి కొందరు జైలుకు కూడా వెళ్లారు. అయినా మా తెలుగువాళ్ల ఇళ్లలో ఆ ఊసు రాదు. స్నేహితుల అమ్మాయి కాలేజీలో ఆర్‌ఓటీసీలో (చదువుకుంటూనే సైనిక అధికారిగా శిక్షణ పొందే కార్యక్రమం) చేరి, చదువయ్యాక ఆర్మీకి వెళ్తానని పట్టుబట్టింది. తండ్రి వద్దంటాడు గానీ, ఎందుకో నోరు విప్పి చెప్పడు. అందరం కూర్చుని, అమెరికా సైన్యంలో జరిగే అత్యాచారాల మీద తీసిన ‘ది ఇన్విజిబుల్ వార్’ డాక్యుమెంటరీ చూద్దామని నేనే అన్నాను.

పులిహోర చేస్తాను, సినిమా చూద్దాం రండి అంటే అందరూ వచ్చేస్తారు. అలా పిలవడం నాకిష్టం లేదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, సైన్యంలో అత్యాచారానికి గురైనవాళ్లే ఇందులో మాట్లాడతారని చెప్పాను. మధ్యలో లేచి వెళ్లినా, అసలు రాకపోయినా కారణం అడగనన్నాను. ఎవరి మనసులో ఏముందో మనకేం తెలుసు! “అందరం కలిసి చూసే సినిమానా వదినా అది?” అంది ఒకావిడ. “మా ఆయన్ని తీసుకురావచ్చా?” అని ఇంకొకావిడ అడిగింది. తప్పకుండా తీసుకురమ్మన్నాను. 2012కు పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) వేసిన సొంత అంచనాలోనే, సైన్యంలో ఇష్టం లేని లైంగిక చేష్టలకు గురైనవాళ్లు దాదాపు 26,000 మంది. అందులో సగానికి పైగా మగవాళ్లే.

పిల్లల్ని మేడ మీదకు పంపి, ఒక పెద్దమ్మాయిని కాపలా పెట్టాం. తలుపు పక్క రెండు కుర్చీలు ఖాళీగా ఉంచాను, లేచేవాళ్లు అందరి ముందు నుంచీ నడవాల్సిన అవసరం లేకుండా. సబ్‌టైటిల్స్ పెట్టాను. ఏడుస్తూ మాట్లాడేవాళ్ల ఇంగ్లిష్ మా అత్తగారికే కాదు, నాకూ సరిగ్గా అందదు.

సినిమాలో, కోస్ట్‌గార్డ్‌లో పనిచేసిన ఒకామెకు తన మీద జరిగిన దాడిలో దవడ దెబ్బతింది. వైద్యం కోసం ఆమె ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, హోల్డ్‌లో పెడుతూనే ఉంటారు. ఇన్సూరెన్స్ కంపెనీలతో వేగిన మా మగవాళ్లు అక్కడ కదిలిపోయారు. ఇంకొకచోట ఒకాయన, “పార్టీల్లో తాగితే మరి...” అని మొదలుపెట్టాడు. నేను జవాబివ్వలేదు. కాసేపటికి తెర మీదే వచ్చింది: దాడి చేసినవాడికి పెళ్లయింది, ఆమెకు కాలేదు, వ్యభిచారం కేసు మాత్రం ఆమె మీద! “పెళ్లయింది వాడికి, కేసు ఈ పిల్ల మీదా?” అని ఆయన భార్యే గట్టిగా అంది. ఆయన మళ్లీ ఆ మాటెత్తలేదు.

నా టెన్షనంతా సినిమా అయిపోయాక ఏం మాట్లాడాలా అనే. ఇది 2012 నాటిది, అక్కడితో ఆపేస్తే ఆ అమ్మాయికి భయం తప్ప ఏమీ మిగలదు. అందుకే తర్వాత జరిగింది ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. అప్పటి రక్షణ మంత్రి లియాన్ పనెట్టా ఈ చిత్రం చూసిన కొద్దిరోజులకే, ఇలాంటి కేసుల్లో ముందుకు వెళ్లాలా వద్దా అనే తొలి నిర్ణయాన్ని యూనిట్ కమాండర్ల నుంచి తీసి కల్నల్ స్థాయికి మార్చారు. అయినా నిర్ణయం కమాండర్లదే కదా. 2020లో ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో వనెస్సా గియెన్ అనే ఇరవయ్యేళ్ల సైనికురాలిని తోటి సైనికుడే చంపాడు. ఆమెను అంతకుముందు ఒక పై అధికారి లైంగికంగా వేధించాడని తర్వాత ఆర్మీయే తేల్చింది. ఆ గొడవ తర్వాత 2021 డిసెంబరులో చట్టం మారింది. 2023 చివరి నుంచి అత్యాచారం కేసు నడపాలా వద్దా అన్నది కమాండర్ల అజమాయిషీలో లేని ప్రత్యేక ప్రాసిక్యూటర్ల చేతిలో ఉంది.

“నాకే జరిగితే ముందు ఎవరికి చెప్పాలి ఆంటీ?” అని సూటిగా అడిగింది అమ్మాయి. సైన్యంలో ఫిర్యాదు రెండు రకాలు. ఒకదానిలో పేరు బయటికి రాకుండా వైద్యం, కౌన్సెలింగ్ అందుతాయి, దర్యాప్తు ఉండదు. రెండోదానిలో దర్యాప్తు మొదలవుతుంది, కమాండర్‌కూ తెలుస్తుంది. బయటికొచ్చిన మాజీ సైనికులకైతే, అప్పట్లో ఫిర్యాదు చేయకపోయినా వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) ఆసుపత్రుల్లో దీనికి సంబంధించిన చికిత్స ఉచితం.

వాళ్ల నాన్న నా కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఆర్‌ఓటీసీ ఆఫీసుకు తనూ వస్తానన్నాడు. “వస్తే రండి గానీ, ప్రశ్నలు నేనే అడుగుతాను” అందా పిల్ల.