పొట్టి స్తంభానికి పీట

"ఇక చెప్పను" అంది మా అమ్మాయి, స్పెయిన్‌లోని కోర్డోబా మసీదు స్తంభాల నడుమ నిలబడి.

అంతకు నిమిషం ముందు తొమ్మిదేళ్ళ పిల్ల ఊపిరి తిప్పుకోకుండా ఇంగ్లీషులో ఏదో చెబుతోంది. తలెత్తితే కమాను మీద కమాను. కిందిది గుర్రపు నాడాలా వంపు తిరిగింది, పైది అర్ధవృత్తం. ఎర్ర ఇటుక, తెల్ల రాయి, మళ్ళీ ఎర్ర ఇటుక. చూపు ఎటు తిప్పినా అవే చారలు, 850కి పైగా స్తంభాలు. పిల్ల సంబరం నా చెవికెక్కలేదు, భాష ఒక్కటే ఎక్కింది. "తెలుగులో చెప్పు" అన్నాను.

మా ఇంటి నియమం అది. ఇంగ్లీషులో అడిగితే బదులు పలకను. మీరు మెత్తబడితే పిల్లలకు భాష పోతుందని తెలిసినవాళ్ళందరికీ గట్టిగా చెప్పేదాన్ని.

మౌనం భరించలేక నేనే మొదలుపెట్టాను. 785 ప్రాంతంలో ఇక్కడి పాలకుడు మొదటి అబ్దుర్ రహ్మాన్ దీన్ని కట్టించడం మొదలుపెట్టాడని, రోమన్ల, వాళ్ళ తర్వాత ఇక్కడ ఏలిన విసిగోతుల పాత కట్టడాల నుంచి స్తంభాలు తెచ్చి నిలిపారని చెప్పాను. అవన్నీ ఒకే ఎత్తు లేవు. పొడుగువాటిని నేలలోకి దించారు, పొట్టివాటి కింద దిమ్మలు పెట్టారు. అయినా కప్పుకు ఎత్తు చాలక రెండో వరుస కమానులు లేపారు. ఇదంతా చెబుతూ "పిల్లర్లు" అన్నాను, "సీలింగ్" అన్నాను. పిల్ల నావైపు చూసి ఊరుకుంది. ఆ చూపు ఇంకా గుచ్చుకుంటోంది.

నమాజు దిక్కు చూపే గోడగూడు, మిహ్రాబ్ దగ్గర మరీ కష్టమైంది. పదో శతాబ్దంలో ఖలీఫా రెండవ అల్ హకమ్ మసీదును పెంచినప్పుడు, బైజాంటైన్ చక్రవర్తి పంపిన నిపుణుడి ఆధ్వర్యంలో చేసిన పని అది. చిన్న చిన్న గాజుముక్కలతో తీర్చిన తీగలు, ఆకులు, బంగారు మెరుపుల్లో అరబ్బీ అక్షరాలు. ఆ పనికి తెలుగు మాట వెతుక్కుని, దొరక్క, "మొజాయిక్" అన్నాను.

రాత్రి అమ్మమ్మకు ఫోను చేసింది. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. "పొట్టివాటికి పీట వేశారు అమ్మమ్మా, నువ్వు నాకు వేస్తావే, అలాగ!" దిమ్మ అన్నది నేను. పీట తనది, అమ్మమ్మ వంటింట్లోది. ఇంగ్లీషు రాని మా అమ్మ ప్రతి మాటకూ "ఊఁ" కొడుతూనే ఉంది.

నియమం ఎత్తేయనా? ఆ పీట నా మొండితనం వల్ల నిలిచిందో, అది లేకున్నా నిలిచేదో నాకు తెలియడం లేదు.

మర్నాడు బస్సులో అడిగాను, "నిన్న ఆ కమానుల గురించి ఏం చెప్పబోయావమ్మా? ఏ భాషలోనైనా చెప్పు."

కిటికీలోంచి చూస్తూ, మరిచిపోయానంది.