నా అనుభవం: నిండు ట్యాంకుతో పరుగు, సగం ట్యాంకుతో మొరాయింపు

మూడు రోజులుగా నా లారీ నిండు లోడుతో ఎక్కడా ఆగకుండా నడుస్తోంది. అంతకుముందు నెల రోజులు పడిన బాధ ఇంకా పచ్చిగా ఉండగానే రాసేద్దామని కూర్చున్నాను.

బండి పాతది. కంప్యూటర్ లేని, డీజిల్‌ని ప్రెషర్‌తో ఇంజన్‌లోకి నెట్టే మెకానికల్ పంపు ఉన్న డీజిల్ ఇంజన్. మొదట పికప్ తగ్గింది. తర్వాత స్లోలో ఉన్నప్పుడు శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఇంజన్ ఊగడం మొదలుపెట్టింది. చివరికి ఎత్తు ఎక్కుతుండగానే ఆగిపోయేది. హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ ఎక్కించే చిన్న పంపు) కొట్టి డీజిల్ లైన్లోని ఎయిర్ తీస్తే మళ్లీ అందుకునేది. రాత్రంతా నిలబెడితే పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా ఓ పట్టాన స్టార్ట్ అయ్యేది కాదు.

డీజిల్ ఫిల్టర్లు రెండూ మార్చాను. డీజిల్‌లోంచి నీళ్లను వేరుచేసే వాటర్ సెపరేటర్‌లో నీళ్లు లేవు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినా బండి ఇలాగే ఆగుతుంది కాబట్టి, మూత వదులు చేసి కూడా నడిపి చూశాను. తేడా లేదు. ఇవన్నీ ఒక్క పూటలో అయిపోయాయి.

ఇక వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాను. అక్కడ జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వెళ్లగానే పెద్ద మెకానిక్‌కి నేను గమనించింది చెప్పాను. "అన్నా, ట్యాంకు నిండా ఉంటే బండి బాగానే పోతోంది. డీజిల్ సగానికి దిగాకే ఆగుతోంది. నాలుగు ట్రిప్పులు చూశాను, ప్రతిసారీ అంతే." ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. "పంపు పోయింది. నాజిల్స్ కూడా పోయుంటాయి, దింపేద్దాం" అన్నాడు. నాజిల్స్ అంటే ఇంజన్ లోపల డీజిల్‌ని చిమ్మేవి. నేను మళ్లీ ట్యాంకు సంగతి ఎత్తాను. ఆయన పనివాళ్ల వైపు తిరిగి, "విన్నార్రా, ట్యాంకు నింపితే పంపు బాగవుతుందట! నువ్వు స్టీరింగ్ చూసుకో నాయనా, ఇంజన్ సంగతి మాకొదిలెయ్" అన్నాడు. అందరూ నవ్వారు. నా క్లీనర్ కుర్రాడు పక్కనే నిలబడి నా మొహం వైపు చూశాడు. పదిహేడేళ్లుగా లారీ నడుపుతున్నవాణ్ణి, వాడి ముందు తలదించుకున్నాను.

ఐదు రోజులు బండి అక్కడే ఉంది. పంపు దింపి క్యాలిబ్రేషన్‌కి, అంటే కొలిచి సరిచేయడానికి, పంపారు. ఆరు నాజిల్స్‌లో నాలుగు మార్చారు. పాతవి టెస్టర్ మీద పెట్టి స్ప్రే ఎలా పడుతోందో చూపించమంటే, టైం లేదన్నారు. ఎవరైనా సరే ఈ ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడొద్దు. నాజిల్ పోయిందంటే టెస్టర్ మీద చూపించాల్సిందే. చూపించకపోతే డబ్బు ఇవ్వొద్దు.

ట్రయల్‌కి వెళ్లే ముందు ట్యాంకు నింపించారు. బండి బాణంలా పోయింది. "చూశావా?" అన్నాడాయన. మర్నాడు డీజిల్ సగానికి దిగింది, ఎత్తు మీద ఇంజన్ ఆగింది, వెనక బండ్లన్నీ బారులు తీరాయి. ఫోన్ చేస్తే, "నువ్వు గేరు సరిగ్గా మార్చడం లేదేమో" అన్నాడు.

బండితో రోజంతా ఉండేది డ్రైవరే. అది ఎప్పుడు దగ్గుతుందో, ఎప్పుడు ఆయాసపడుతుందో అతనికే తెలుస్తుంది. రోగి మాట వినకుండా మందు రాసే డాక్టరూ, డ్రైవరు మాట వినకుండా స్పానర్ పట్టుకునే మెకానిక్కూ ఒక్కటే.

ఆ రాత్రి క్యాబిన్‌లో పడుకుని మొదటినుంచీ ఆలోచించాను. ప్రైమర్ కొడితే అందుకుంటోందంటే లైన్లోకి గాలి వస్తోంది. డీజిల్ నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. లైన్లో గాలి ఉంటే పంపు ఎంత నొక్కినా నాజిల్ తెరుచుకునేంత ప్రెషర్ రాదు. మరి ఎక్కడా డీజిల్ కారడం లేదేంటి? ట్యాంకు నుంచి డీజిల్‌ని లాగి పెద్ద పంపుకి అందించే చిన్న పంపు ఫీడ్ పంపు. ట్యాంకు నుంచి దాని వరకు డీజిల్‌ని అదే పీల్చుకుంటుంది. అక్కడ చిల్లు పడితే డీజిల్ బయటికి రాకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. తడి కోసం వెతికితే దొరకదు.

పొద్దున్నే ఒక క్యాన్‌లో డీజిల్ పోసి ఇంజన్ పక్కన గట్టిగా కట్టాను. ఫీడ్ పంపుకి వచ్చే పైపు ఊడదీసి, క్యాన్‌లోంచి వేరే పైపు పెట్టాను. బండి నిలబెట్టి 40 నిమిషాలు రేస్ చేసినా చెక్కుచెదరలేదు. అంటే పంపూ నాజిల్సూ బాగానే ఉన్నాయి, తప్పంతా ట్యాంకు వైపే.

పాత పైపు మళ్లీ కలిపి, ట్యాంకు పైపు వాటర్ సెపరేటర్‌లోకి వెళ్లే చోట, లోపల కనిపించే ప్లాస్టిక్ పైపు ఒక జానెడు వేశాను. స్టార్ట్ చేసి వంగి చూస్తే ఆవగింజలంత బుడగలు వరసగా పోతున్నాయి. రబ్బరు పైపు మార్చినా ఆగలేదు. ఇక మిగిలింది ట్యాంకు లోపలికి దిగే ఇనుప గొట్టం ఒక్కటే. దాన్ని పైకి తీసి, ఒక కొస గట్టిగా మూసి, నీళ్ల బకెట్లో ముంచి గాలి ఊదాం. నడిమధ్యలో, బ్రాకెట్ అతికిన చోట వెంట్రుక మందం చీలిక. డీజిల్ అక్కడికి దిగేదాకా చీలిక మునిగే ఉంటుంది, డీజిలే వస్తుంది. అంతకంటే దిగితే గాలి.

గొట్టం కొత్తది వేశాను, బోల్టుల కింద రాగి వాషర్లు కూడా కొత్తవే వేశాను. ట్యాంకు మీదే వెల్డింగ్ పెట్టేద్దామని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు, లోపలి ఆవిరి అంటుకుంటే ప్రాణాలు పోతాయి. కొత్తరకం కామన్ రైల్ ఇంజన్ (నాజిల్స్ అన్నిటికీ ఒకే గొట్టంలో ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ నిల్వ ఉండేది) అయితే, నడుస్తుండగా నాజిల్ పైపు వదులు చేసి చూసే పాత అలవాటు మానుకోండి. 1,000 బార్ దాటే ప్రెషర్‌తో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ట్యాంకు పావుకి దిగాక అదే ఎత్తు ఎక్కించి, పైన ఆపి, ఇంజన్ ఆన్‌లో ఉంచే చూడమన్నాను. క్లీనర్ కుర్రాడు టార్చ్ లైటుతో కిందికి దూరాడు. "ఒక్క బుడగ కూడా లేదన్నా!" అని అరిచాడు.

పగిలిన గొట్టం క్యాబిన్‌లోనే ఉంచాను. రేపటి ట్రిప్పు ఆ వర్క్‌షాప్ మీదుగానే. దాన్ని ఆయన చేతిలో పెట్టి, ఆ పనివాళ్లందరి ముందూ ఊది చూడమంటాను.